బుల్లెట్టు పేలిన వీధి

1988లో హిందూపురంలో ఒక సాయబు షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. ధర్మవరం పట్టుచీరల సేటు బుల్లెట్టు ట్రయలుకని పెనుకొండ దాకా పోయి, మా ఊరి మీదుగా మళ్లినాను. మిట్ట ఎక్కేటప్పుడు బాగానే ఉంటాది. దిగువలో రేసు వదిలితే సైలెన్సర్లో ఢామ్మని పేలుతాది. సరిగ్గా రెడ్డి అరుగు ముందరే పేలింది.

"ఏమిరా మాదిగోడా, మా ఇంటి ముందర తుపాకీ పేలుస్తావా?"

దింపినారు. చెప్పులు చేతబట్టుకొని బండి తోసుకుంటా ఊరు దాటినాను.

ఉస్తాద్ తిట్టలేదు. తాను తాగే గ్లాసులోనే టీ పోసిచ్చినాడు. మా ఊరి హోటల్లో మాకు గ్లాసు వేరే. పాయింట్ల గ్యాపు, ట్యాపెట్లు, ప్లగ్గు అన్నీ చూస్తిమి. సరిగానే ఉండాయి. హెడ్డు కాడ సైలెన్సర్ పైపు అతుకు చుట్టూ మసి గీత కనపడింది. ఆడ సందు. రేసు మూసినప్పుడు కాలని పెట్రోలు పైపులోకి పోతాది, సందులోంచి గాలి చేరుతాది, వేడికి భగ్గుమంటాది. పైపు ఊడదీసి, మసి గీకి, ఆస్బెస్టాస్ దారం చుట్టి బిగించినాను. కార్బొరేటర్ గాలి స్క్రూ అర చుట్టు లోపలికి తిప్పినాను.

మర్నాడు మళ్లా అదే వీధి. రేసు వదిలినాను. పేలలేదు.

"దిగరా" అన్నారు.

"సద్దు యాడుంది సామీ?" అంటి. దిగలేదు.