ఊక బూడిద – నల్లరేగడి నేల

ఒకే నేల పైరు పట్ల ఒక విధంగా, గోడ పట్ల మరొక విధంగా ప్రవర్తించడం నల్లరేగడి ప్రాంతాల ప్రజలకు అనుభవంలో ఉన్న విషయమే. తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా, చేవెళ్ల మండలానికి చెందిన ఆలూరు గ్రామం హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్లే రహదారిపై ఉంది. ఆ ప్రాంతంలో ఎర్ర చెలకలు, నల్లరేగడి నేలలు రెండూ కనిపిస్తాయి. పత్తి, మొక్కజొన్న, కూరగాయలు పండించే రైతుకు రేగడి కొంగుబంగారం. వాన వెలిసిన తరువాత కూడా అది చాలా రోజులు తేమను నిలుపుకొని పైరును కాపాడుతుంది. అదే రైతు ఆ నేలపై ఇల్లు కట్టుకొన్నప్పుడు నాలుగు వానకాలాలు గడవకముందే గోడలు బీటలు వారవచ్చు, తలుపులు పట్టేయవచ్చు. అన్నం పెట్టిన నేలే ఇంటిని నిలువనీయకపోవడానికి కారణమేమిటి?

ఈ నేల పుట్టుక చాలా ప్రాచీనమైనది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భం నుండి పొంగిన లావా దక్కన్ పీఠభూమిపై పొరలు పొరలుగా పరచుకొని బసాల్టు శిలగా గట్టిపడింది. ఆ శిలాస్తరాలు తూర్పున వికారాబాదు పరిసరాల వరకు వ్యాపించి ఉన్నాయి. ఎండకూ వానకూ అటువంటి శిలలు శిథిలమై నల్లరేగడి ఏర్పడుతుంది. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం అధికం. దాని రేణువులు పుస్తకంలోని పుటల వలె ఒకదానిపై ఒకటి అమరి ఉంటాయి. నీరు ఆ పుటల నడుమ చేరినప్పుడు అవి ఎడమై మట్టి ఉబ్బుతుంది. వేసవిలో నీరు ఆవిరైనప్పుడు మట్టి కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. భవనం మోపే బరువు తక్కువైన చోట ఈ ఉబ్బు మరింత స్వేచ్ఛగా పనిచేస్తుంది. అందువల్ల పేదవాని ఒంటి అంతస్తు ఇంటికే దీని తాకిడి ఎక్కువ.

ఈ గుణాన్ని కొలిచే పరీక్ష ఎంతో సులభమైనది. జల్లించి ఆరబెట్టిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రలలో వేసి, ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు; నీటిలో ఉబ్బుతుంది. రెండింటి ఘనపరిమాణాల మధ్య తేడాయే నేల స్వభావాన్ని తెలియజేస్తుంది. పునాది తవ్వకముందే జరపవలసిన పరీక్ష ఇది.

రోగం తెలిసిన తరువాత చికిత్సకు పూనుకోవడం ఇంజనీర్ల వంతు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉల్లిగడ్డ వలె ఉబ్బిన కాంక్రీటు స్తంభాలను నేల లోతుకు దింపే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్.కె. కట్టి, రేగడిపై ఉబ్బని మట్టిపొరను పరచే మార్గాన్ని చూపారు. ఇవి ఫలవంతమైన మార్గాలే. అయితే మొదటిదానికి యంత్రం, నైపుణ్యం కావాలి. రెండవదానికి వేరొక చోటి నుండి మట్టిని తవ్వి తేవాలి. ఉన్న మట్టినే సంస్కరించి వాడుకోగలిగితే ఖర్చూ తగ్గుతుంది, గుట్టలూ మిగులుతాయి. ఈ ఆలోచనే పరిశోధకుల దృష్టిని రైసుమిల్లు వెనుక పోగుపడిన బూడిద వైపు మళ్లించింది.

ఫలితం లేని ప్రసంగాన్ని తెలుగువారు ఊకదంపుడు అంటారు. దంచినా గింజ రాలని ఊకకు విలువ లేదని ఆ మాటలోని భావం. రసాయనశాస్త్రం మాత్రం ఊకకు పెద్దపీట వేసింది. వరి మొక్క నేలలోని సిలికాను పీల్చుకొని గింజ పైపొరలో దాచుకొంటుంది. వెయ్యి కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక, దానిని కాలిస్తే సుమారు 40 కిలోల బూడిద లభిస్తాయి. సరిగా కాలిన బూడిదలో 85 శాతానికి పైగా సిలికాయే ఉంటుంది. దానిని సున్నంతో కలిపి మట్టికి పట్టించినప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. మొదట సున్నంలోని కాల్షియం మట్టి రేణువులను గుంపులుగా చేర్చి, జిగటను, ఉబ్బే గుణాన్ని తగ్గిస్తుంది. తరువాత కాల్షియం, సిలికా, నీరు నెమ్మదిగా కలిసి సిమెంటు వంటి బంధక పదార్థంగా మారుతాయి. ఈ రెండవ మార్పు రోజుల తరబడి సాగుతుంది కనుక తడి ఆరకుండా చూడడం అవసరం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పి.వి. శివపుల్లయ్య, కె.ఎస్. సుబ్బారావు తదితరులు, ఉబ్బే నేలలపై పునాదుల కింద ఇటువంటి బూడిదను మెత్త వలె పరచడాన్ని గురించి 2004లో పరిశోధన ప్రచురించారు.

ఈ సూత్రం మన పూర్వులకు అపరిచితం కాదు. గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపిన తాపీపనివారు సిలికా పేరు ఎరుగకపోయినా దాని పనితనం ఎరుగుదురు. మట్టిగోడ పెట్టే ముందు ఊకను, గడ్డిని కలిపి కాళ్లతో తొక్కిన పల్లెవాసులకు పీచు పగుళ్లను ఆపుతుందని తెలుసు. కొబ్బరి పీచుతో నేసిన వస్త్రాన్ని గ్రామీణ రహదారుల కింద పరచాలని 2020లో కేంద్రప్రభుత్వం నిర్ణయించినప్పుడు, ఏడు రాష్ట్రాలలో 1674 కిలోమీటర్లను అందుకు ఎంపిక చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 164, తెలంగాణకు 121 కిలోమీటర్లు లభించాయి. పాత తెలివి కొత్త కొలతలతో తిరిగివచ్చిందనడానికి ఇది ఒక నిదర్శనం.

అయినా ఉత్సాహానికి లెక్క తోడు కావాలి. మట్టి బరువులో 10 శాతం బూడిద కలపాలనుకొందాం. మూడు ముప్పావు మీటర్ల వెడల్పుతో, 30 సెంటీమీటర్ల లోతున ఒక కిలోమీటరు బాటను బలపరచాలంటే 1125 ఘనపు మీటర్ల మట్టిని సంస్కరించాలి. ఘనపు మీటరుకు 1500 కిలోల చొప్పున చూస్తే సుమారు 169 టన్నుల బూడిద కావాలి. అది నాలుగు వేల టన్నులకు పైబడిన వడ్ల నుండి వచ్చేది! పత్తి, కూరగాయలు పండే ఊళ్లకు ఆ బూడిద మిర్యాలగూడ వంటి రైసుమిల్లుల కేంద్రాల నుండి లారీలలో రావాలి. దూరం పెరిగిన కొద్దీ చౌక అన్న మాట పలుచబడుతుంది. దగ్గరలో దొరికే పత్తికట్టె బూడిదతో సరిపెట్టుకోవడానికీ వీలులేదు. అందులో సిలికా తక్కువ, పొటాష్ ఎక్కువ. దాని చోటు పొలమే. మితిమీరిన వేడిలో కాలిన ఊక బూడిదలోని సిలికా స్ఫటికంగా మారి చురుకుదనాన్ని కోల్పోతుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. కలిపే కూలీ ముఖానికి రక్షణ లేకపోతే ఇంటికి వచ్చిన బలం మనిషికి నష్టంగా పరిణమిస్తుంది.

మరొక మాట కూడా గుర్తుంచుకోదగినది. వ్యర్థం అన్న పేరు పెట్టేది పట్టణమే. పల్లెలో గడ్డి పశువుల మేత, ఊక పొయ్యికి వంటచెరకు. వాటిని పశువుల నోటి నుండి, పొయ్యి నుండి లాగి బాటల కింద పరచడం న్యాయం కాదు. ఊక తన వేడిని ఇచ్చిన తరువాత మిగిలిన బూడిదకు ఎవరూ హక్కుదారులు లేరు. మిల్లుల పక్క కుప్పలై, గాలికి లేచి ఇరుగుపొరుగువారి కళ్లలో పడే ఆ బూడిదకు పునాది కింద చోటు కల్పించడమే వివేకం.

నగరం చేవెళ్ల వైపు విస్తరిస్తున్న కొద్దీ పొలాలు ఇళ్ల స్థలాలుగా మారుతున్నాయి. సున్నం, బూడిద కలిపిన నేల మరల పైరుకు పనికిరావడం కష్టం. కనుక ఏ గజం మట్టిని గట్టిపరచాలో, ఏ ఎకరాన్ని మెత్తగా వదిలివేయాలో ముందుగా నిర్ణయించుకోవాలి. గోడ నిలబడేంత మేర రేగడిని సంస్కరించి, మిగిలిన రేగడిని నాగలికి వదిలినప్పుడే ఇల్లూ నిలుస్తుంది, ఆ ఇంటి గాదె కూడా నిండుతుంది.