పెరట్లో రెండు మళ్ళు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ అడిగినప్పుడు మన హాస్టల్ గురించే రాద్దామనుకున్నాను. కలం పట్టుకుంటే మా పెరట్లోని ఆకుకూరలు గుర్తొచ్చాయి. వాటికీ ఈ హాస్టల్‌కీ సంబంధం ఉంది, చెబుతాను.

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు నేనిక్కడే ఉన్నాను. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను నాలుక కింద దాచి, మేడమ్ అటు తిరగగానే కిటికీలోంచి విసిరేసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. నవ్వకండి చెల్లెళ్ళూ, మీలోనూ ఉంటారు! పప్పులో తోటకూర వస్తే ఏరి కంచం అంచున పెట్టేదాన్ని. ఇంట్లో తిన్న కూరే ఇక్కడా ఏమిటని నా బాధ.

రెండేళ్ళ క్రితం మిరపకాయ కోతలకు వెళ్ళిన మా అమ్మ చేలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6 గ్రాములు. ఆడవాళ్ళకు 12 అయినా ఉండాలి. డాక్టర్ గారు మాత్రలు రాసి, ఆకుకూరలు బాగా తినమన్నారు. నేనప్పుడు ఎమ్మెస్సీ బోటనీ మొదటి సంవత్సరం. సెలవులకు వచ్చి, కుళాయి దగ్గర నీళ్ళు వృథాగా పోయే చోట రెండు మళ్ళు కట్టి తోటకూర విత్తనాలు చల్లాను. వారమైనా సగం మడి ఖాళీ. మిగతా సగంలో మొలకలు గుత్తులు గుత్తులుగా లేచాయి.

అమ్మ గుమ్మంలో కూర్చుని చూసి, "గసగసాలంత ఇత్తనం ఉత్త చేత్తో చల్లితే సమంగా పడుద్దా? ఇసకలో కలిపి చల్లాల. సగం చీమలే మోసకపోయినయ్యి. గట్టు మీద గుప్పెడు నూకలు పొయ్యి, వాటిని ఎత్తకపోతయ్యి" అంది.

ఈ మాట ఏ ప్రాక్టికల్స్‌లోనూ వినలేదు. అలాగే చేస్తే నెల తిరక్కుండా తోటకూర పీకుడుకి వచ్చింది. గోంగూరను మాత్రం పీకనివ్వలేదు, చివుళ్ళు గిల్లితే పక్కకొమ్మలు వేస్తుందంది. బచ్చలికి విత్తనమే కొనలేదు. పక్కింటి పెద్దమ్మ ఇచ్చిన జానెడు తీగముక్క గుచ్చితే దడి అంతా పాకింది. వానల్లో తోటకూర ఆకుల అడుగున తెల్లటి పొక్కులు లేచాయి. అది ఏ తెగులో నాకు తెలుసు, పేరు కూడా చెప్పాను. అమ్మ వినిపించుకోలేదు. ఒత్తుగా ఉన్న మొక్కలు తీసేయించి, నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయమంది.

నేను చెప్పాల్సినవీ ఉన్నాయి. ఆకుకూరలోని ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే కొంత మేలు. తిన్న వెంటనే టీ తాగితే ఆ పట్టేది కూడా తగ్గిపోతుంది. రక్తం అంత తక్కువగా ఉంటే కూర ఒక్కటే చాలదు, మాత్ర వేసుకోవాల్సిందే.

ఒకరోజు గోంగూర మొదళ్ళలో మట్టి గుల్ల చేస్తుంటే సగం కరిగిన మాత్రలు కనపడ్డాయి, ఏడో ఎనిమిదో. కడుపులో తిప్పుతోందనీ, దొడ్డికి నల్లగా వస్తోందనీ అమ్మ వాటిని అక్కడ పడేస్తోంది! తిట్టబోయి ఆగాను. ఈ హాస్టల్ కిటికీ గుర్తొచ్చింది. నల్లగా రావడం మామూలేనని చెప్పి, ఆ రాత్రి నుంచి అన్నం తిన్నాక నా ఎదుటే వేయించాను. నేను లేనప్పుడు ఆ కాపలా తమ్ముడిది.

ఆరు నెలలకు 11.2 వచ్చింది. మాత్ర వల్లా, కూర వల్లా అంటే కూర వల్లే అంటుంది అమ్మ. టీ మాత్రం మానలేదు. అన్నం తిన్న గంటకు తాగుతోంది, అదీ నేను ఇంట్లో ఉన్నప్పుడే.