తాబేళ్లకు పుట్టిల్లు... బారువ తీరం

ఒకపక్క కొబ్బరితోటలు, మరోపక్క కనుచూపుమేరా నీలిసంద్రం. మధ్యన మెత్తటి ఇసుక తిన్నెలు... శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని బారువ తీరమిది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు ఏటా ఇక్కడికొచ్చే అతిథులు ఆలివ్ రిడ్లే తాబేళ్లు.

జనవరి మొదలు వేసవి తొలినాళ్ల వరకూ ఆడ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకొస్తాయి. వెనక కాళ్లతో గుంత తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. వెలుతురున్న వైపే సముద్రమనుకుంటాయవి. ఒడ్డున టార్చి వేసినా, మంట పెట్టినా దారి తప్పినట్టే! కుక్కలూ నక్కలూ తినేయకుండా అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగిస్తుంది. పిల్లల్ని సముద్రంలో వదులుతుంది.

తాబేలుకు ఇల్లైన ఈ సంద్రం మనిషికి మాత్రం అంత చనువివ్వదు. మహేంద్రతనయ నది కడలిలో కలిసేచోట ఇసుక మేటలు జరుగుతూ ఉంటాయి. నిన్నటి మోకాలిలోతు నేడు నిలువులోతు కావచ్చు. అలలు విరగని జాగా చూసి, ప్రశాంతంగా ఉందని దిగుతారు చాలామంది. ఒడ్డుకొచ్చిన నీరు వేగంగా వెనక్కి లాక్కుపోయేది తరచూ అక్కడే. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ముందు తీరం వెంబడే పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివాళ్లు, పిల్లలు పాదాలు తడుపుకుంటే చాలు.

హౌరా-చెన్నై మార్గంలో సోంపేట స్టేషన్‌లో దిగి, రోడ్డుమీదుగా బారువ చేరుకోవచ్చు. తెచ్చుకున్న ప్లాస్టిక్ సంచుల్ని తిరిగి పట్టుకెళ్లడం మరవద్దు. తాబేళ్లు మళ్లీ రావాలిగా!