చెవుల పంచాయితీ

మావైపు చెవులు కుట్టించాలంటే మేనమామ ఉండి తీరాలి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కదలకుండా పట్టుకోవాలి, ఆ తర్వాత గంటసేపు ఏడుపు భరించాలి. ప్రొద్దుటూరు నుంచి మా అక్క ఫోన్ చేసి ఈసారి రెండు పనులు చెప్పింది. పదకొండో నెల నడుస్తున్న పాపకు చెవులు కుట్టించాలి. పనిలో పనిగా తొమ్మిదేళ్ల పిల్లోణ్ని డాక్టరుకు చూపించాలి.

"వానికేమైందక్కా?"

"ఏం కాల్యా. చెవులే."

వాడివి దొప్ప చెవులు. తలకు ఆనుకోకుండా పక్కకు విచ్చుకుని ఉంటాయి. వెనకనుంచి ఎండ పడితే ఎర్రగా వెలుగుతాయి. బళ్లో వేసేదాకా వాటి సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు వెనక బెంచీ పిల్లోడు స్కేలుతో చెవి మీద టప్పున కొట్టి ఏమీ ఎరగనట్టు పుస్తకంలోకి తల దూర్చడం రోజువారీ ఆటగా మారింది. మావాడు మంగలి షాపులో కుర్చీ ఎక్కగానే "చెవుల మింద కత్తెర పెట్టొద్దన్నా" అంటున్నాడట. జుట్టు పెరిగిందని బళ్లో మళ్లీ తిట్లు. అక్క ఆపరేషన్ చేయిద్దామంటుంది. బావ వద్దంటాడు. బావ వాళ్లమ్మ, అంటే మా అత్త, పెద్ద చెవులుంటే ఆయుష్షు గట్టిదని తన తీర్పు ఎప్పుడో ఇచ్చేసింది.

పొద్దున్నే బజారుకు పోయినాము. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు, బంగారు వ్యాపారం వల్ల. అమ్మవారిశాల చుట్టుపక్కల అద్దాల షాపులు చూసి ఊరంతా ఇదే అనుకుంటారు కొత్తవాళ్లు. అసలు పని జరిగేది వెనక సందుల్లో. ఇరుకు మెట్లెక్కితే చిన్న గది. కింద పరుచుకున్న చాపల మీద నలుగురు. ఒకరి చేతిలో ఆకురాయి, ఇంకొకరి చేతిలో ఊదుగొట్టం బదులు గ్యాసు మంట. ఊడ్చిన చెత్తను ఇక్కడ పారేయరు, డబ్బాలో దాస్తారు. బంగారు రజను అందులోనూ ఉంటుంది మరి.

పెద్దాచారి పాపను నా ఒళ్లో తలుపు వైపు తిప్పి కూర్చోబెట్టమన్నాడు. ఎడమ చెవి తమ్మెను రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాడు. పలచగా, వెలుగు దూరే చోటు చూసుకుని పెన్నుతో చుక్క పెట్టాడు. కుడివైపూ అంతే. తర్వాత వెనక్కి జరిగి, రెండు చుక్కలూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అని పాప ముఖాన్ని ఎదురుగా చాలాసేపు చూశాడు. ఒక చుక్క తుడిచి మళ్లీ పెట్టాడు. కుట్టడానికి పట్టిన సమయం దాంట్లో పదో వంతు కూడా లేదు. స్పిరిటుతో తుడిచిన బంగారు తీగ మొన ఇటునుంచి అటు వచ్చింది, చిన్న పటకారుతో మెలి తిరిగింది, పాప గుక్క పట్టింది.

వెలుతురులో చూసి కుట్టే ఈ పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. సూత్రస్థానం పదహారో అధ్యాయం. ఆరో నెలలోనో ఏడో నెలలోనో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, సూర్యకాంతి దూరే చోటు చూసుకుని కుట్టాలి, మగపిల్లలకు కుడి చెవి ముందు, ఆడపిల్లలకు ఎడమ చెవి ముందు. ఎడమ చెవి ముందెందుకు పట్టుకున్నావని ఆచారిని అడిగితే "మా నాయన అట్లనే కుట్టేవాడు" అన్నాడు.

ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం తెగిన తమ్మెల గురించే. వాటిని అతికించడానికి పదిహేను రకాల పద్ధతులు చెప్పాడు సుశ్రుతుడు. ప్రపంచమంతా పొగిడే ముక్కు శస్త్రచికిత్స అదే అధ్యాయం చివర్లో, చెవుల సంగతి ముగిశాక వస్తుంది. టిప్పు సైనికుల చేతిలో ముక్కు పోగొట్టుకున్న కవాస్జీ అనే బండివాడికి పుణెలో కొత్త ముక్కు పెట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయి యూరప్ డాక్టర్లను కదిలించింది. టిప్పుకూ ఇంగ్లీషువాళ్లకూ జరిగిన ఆ యుద్ధం ముగిసిన 1792లోనే మా కడప సీమ టిప్పు చేతినుంచి నిజాం చేతికి పోయింది. ముక్కుకు అంత పేరొచ్చింది గానీ చెవిని ఎవరూ పట్టించుకోలేదు.

ఆచారి మా పిల్లోణ్ని దగ్గరికి పిలిచాడు. దొప్పను వేళ్లతో మడిచి, వదిలి, చూశాడు.

"ఇది నా పని గాదప్పా. తమ్మె వరకే నేను. పైన మెత్తెముక. కాలేజీ పిల్లోల్లు వచ్చి పైన కుట్టమంటాండారు ఈ మధ్య. నేను ముట్టను. ఆడ చీము పట్టిందంటే దొప్ప ముడుచుకపోతాది."

అత్త తమ్మెలు అప్పుడు చూశాను, పరిశీలనగా. ఎడమది సన్నటి గీతతో కుట్టేసి ఉంది. ముప్పై ఏళ్లు బరువు కమ్మలు వేసుకుని, చెంపసరాలు తీసేసిన తర్వాత రంధ్రం సాగి సాగి ఒకరోజు కిందకు తెగిపోయిందట. జమ్మలమడుగు పెళ్లికి పోయేముందు కుట్టించుకుంది.

"నువ్వు కుట్టించుకుంటే తప్పు లేదు, వాడు చేయించుకుంటే తప్పా అత్తా?" అన్నాను.

"నాది తెగిందబ్బయ్యా. తెగినది కుట్టుకుంటి. వానివి ఏడ తెగినాయి?"

జవాబు చెప్పలేకపోయాను. తెగినది అతికించడం వేరు, ఉన్నది మార్చడం వేరు అని ఆమె గీసిన గీత చిన్నదేమీ కాదు. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అక్కడే గీస్తారు. ప్రమాదానికో కాలిన గాయానికో క్యాన్సరుకో అయితే ప్లాస్టిక్ సర్జరీకి డబ్బిస్తారు, రూపం కోసమంటే ఇవ్వరు. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యం కూడా ఈ ఆపరేషన్‌ను మామూలుగా చేయదు.

సాయంత్రం క్లినిక్. వారానికొకసారి బయటి ఊరినుంచి వచ్చే ప్లాస్టిక్ సర్జన్ ఆయన. మా ముందు కూర్చున్నవాళ్లలో ఎవరూ అందం కోసం వచ్చినవాళ్లు కాదు. స్టవ్ మంటకు చెయ్యి ముడుచుకుపోయిన ఒకామె, యంత్రంలో వేళ్లు నలిగిన ఒక కుర్రాడు. వాళ్ల మధ్య మేము ఐదుగురం, చంకలో పాపతో కలిపి ఆరుగురం, ఒక జత నిక్షేపమైన చెవుల కోసం. బావకు అది మరీ ఇబ్బందిగా ఉంది. లేచిపోదామని రెండుసార్లు సైగ చేశాడు.

డాక్టరు పిల్లోణ్ని తిరిగే స్టూలు మీద కూర్చోబెట్టాడు. ప్లాస్టిక్ స్కేలు తీసి చెవి వెనక పుర్రె ఎముకకు ఆనించి, చెవి అంచు దాకా ఎంత దూరముందో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచాడు. స్కేలు దగ్గరికి రాగానే వాడు మెడ ముడుచుకున్నాడు. డాక్టరు ఆగి, స్కేలు వాడి చేతికిచ్చి "నువ్వే పట్టుకో" అన్నాడు. రెండు సెంటీమీటర్ల లోపయితే ఎవరూ గమనించరట. వాడికి పైన రెండున్నర దాటింది. ఎడమా కుడీ కూడా ఒకటిగా లేవు. ఎవరికీ ఉండవట.

"మీ చెవి తడుముకోండి" అన్నాడు మాతో. బయటి అంచుకు లోపలగా, దాని వెంబడే పైకి పోయి రెండుగా చీలే ఇంకో మడత ఉంటుంది. చెవిని వెనక్కి తిప్పి తలకు దగ్గరగా ఉంచేది ఆ మడతే. మావాడికి అది సరిగా ఏర్పడలేదు, చదునుగా ఉంది. దానికి తోడు మధ్య గిన్నె కొంచెం లోతు. డాక్టరు తన చూపుడు వేలితో చెవి పైభాగాన్ని మెల్లగా వెనక్కి నొక్కాడు. లేని మడత పుట్టింది. చెవి తలకు దగ్గరగా, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. రెండో చేత్తో అద్దం ఇచ్చాడు.

వాడు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి, తల కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, నొక్కిన చెవిని నొక్కని చెవితో పోల్చి చూసుకున్నాడు. ఆచారి చుక్కలు చూసిన తీరులోనే.

చేసేదేమిటంటే, చెవి వెనక మడతలో కోసి, మెత్తెముకను ఆ వంపు తిరిగేట్టు లోపల కరగని కుట్లతో పట్టి ఉంచడం. ముస్టార్డే అనే స్కాట్లాండ్ సర్జన్ 1963లో చూపిన దారి ఇది. లోతైన గిన్నెను వెనక ఎముక పొరకు కుట్టి లాగడం 1968లో ఫర్నాస్ చెప్పినది. రెండూ కలిపి చేస్తారు చాలాచోట్ల. ఐదారేళ్లకే చెవి దాదాపు పెద్దవాళ్ల చెవంత అవుతుంది కనుక ఎదుగుదలకు అడ్డం రాదు. వినికిడితో సంబంధం లేదు. ఈ వయసుకు పూర్తి మత్తు ఇవ్వాలి. ఒకటిన్నర, రెండు గంటలు. వారం తలకట్టు, ఆ పైన నెల దాటేదాకా రాత్రిళ్లు పట్టీ, కొన్ని వారాలు ఆటలు బంద్.

అక్క ముఖం వెలుగుతుండగానే డాక్టరు రెండో పక్క విప్పాడు. మొదటి రోజుల్లో లోపల రక్తం గడ్డకట్టవచ్చు, చీము పట్టవచ్చు. కుట్టు జారి చెవి మళ్లీ లేవొచ్చు. రెండూ సరిసమానంగా రాకపోవచ్చు. మన చర్మాలకు ఇంకో బెడద కీలాయిడ్. గాయం మానిన చోట మచ్చ గట్టిపడి గడ్డలా పెరుగుతుంది. తెల్లవాళ్లకంటే మనలో ఎక్కువ, చెవి కుట్టిన రంధ్రం దగ్గరా రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడు. అందరం అత్తను చూశాము. ఆమె కొంగు సర్దుకుని, కుట్టిన తమ్మెను చూపించింది. సన్నటి గీతే, గడ్డ లేదు. "మంచిదే. కానీ మనవడికి రాదని దీంతో చెప్పలేం" అన్నాడు. పాప చెవులు కూడా చూసి, ఎరుపు తగ్గకపోతే తీసుకురమ్మన్నాడు.

పుట్టిన కొత్తల్లోనయితే కత్తి అవసరమే ఉండేది కాదట. తల్లినుంచి వచ్చిన హార్మోను వల్ల మొదటి కొన్ని వారాలు బిడ్డ మెత్తెముక మైనంలా ఉంటుంది. చిన్న అచ్చు పెట్టి ప్లాస్టరు వేసి ఉంచితే అదే వంపు నిలుస్తుంది. జపాన్ డాక్టర్లు 1980లలో దీన్ని వాడుకలోకి తెచ్చారు. నెలన్నర దాటితే ఆ మెత్తదనం పోతుంది. తొమ్మిదేళ్లకు రాత్రిళ్లు గుడ్డ కట్టి పడుకోబెడితే వచ్చేదేమీ లేదు.

"నీళ్లు పోసినప్పుడు ముక్కు లాగితిమి, తల గుండ్రం జేస్తిమి. చెవులు మరిస్తిమి" అంది అత్త. డాక్టరు నవ్వాడు.

బావ అప్పటిదాకా నోరు విప్పలేదు. "దేవుడిచ్చిన చెవులు సార్, యాల కోసేది?" అన్నాడు.

"పొద్దున పాపకు పొడిపించినప్పుడు దేవుడు గుర్తు రాల్యాదా?" అంది అక్క.

బావ తగ్గలేదు. "సరే. కొట్టేటోనికి ఏం ల్యా, దెబ్బ తినేటోనికి ఆపరేషనా?"

ఆ రోజంతట్లో నేను విన్న వాదనల్లో ఇదే గట్టిది. దీనికి వయసెంతో చెప్పాలంటే, 1881లో న్యూయార్కులో ఎడ్వర్డ్ ఈలీ అనే డాక్టరు ఇలాంటి చెవులకు చేసిన ఆపరేషన్ పన్నెండేళ్ల పిల్లవాడికి. తోటివాళ్లు వెక్కిరిస్తున్నారనే. వెక్కిరించినవాళ్లను ఎవరైనా పిలిచి అడిగారో లేదో డాక్టర్ల రాతల్లో ఉండదు. అయితే బళ్లో మాట్లాడటం, ఆపరేషన్ చేయించడం ఒకదానికొకటి పోటీ అని నేననుకోను. స్కేలు సంగతి చెవులు ఎలా ఉన్నా తేల్చాల్సిందే. చెవుల సంగతి మాత్రం వాటిని మోస్తున్నవాడు చెప్పాలి.

డాక్టరుదీ అదే దారి అనుకుంటా. "పెద్దవాళ్లు కాసేపు బయట కూర్చోండి" అన్నాడు. నర్సును ఉంచుకుని వాడితో పది నిమిషాలు మాట్లాడాడు. అక్కకు అది నచ్చలేదు. తొమ్మిదేళ్లోనికి ఏం తెలుసని ఆమె బాధ. వద్దంటాడేమోనని భయం కూడా.

రాత్రి ఎర్రకారం దోసె తింటూ వాడే చెప్పాడు.

"ఇవి తగ్గిపోతే ఇంకోటి ఎతుక్కుంటారు గదా అని అడిగితి మామా."

"ఏమన్న్యాడు?"

"ఎతుక్కుంటారేమో అన్న్యాడు."

"మరి?"

"ఐనా చేయించుకుంటా. నాకు మిషన్ కటింగ్ కావల్ల."

ఇంతేనా అనిపించింది ఒక క్షణం. ఆలోచిస్తే అంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేదు. అక్క చెప్పేవి వాడి పెళ్లి దాకా పోతున్నాయి, బావవి దేవుడి దాకా. వాడు మంగలి షాపు దాకా చెప్పాడు. వద్దని ఉంటే రెండు మూడేళ్లు ఆగి మళ్లీ అడగొచ్చు, పెద్దయ్యాకయినా చేయించుకోవచ్చు, తొందరేమీ లేదని డాక్టరే అన్నాడు. వాడంతట వాడు అడిగాక ఆపడానికి మాత్రం మా దగ్గర పెద్ద కారణం లేదని నాకనిపించింది.

ఇక ఎప్పుడు అనేదాని మీద పడ్డారు. ఎండాకాలం సెలవులన్నాడు బావ, ఇంకా దూరమని. నలభై రెండు డిగ్రీల ఎండలో తలకట్టుతో వారం చెమట పట్టిస్తే కుట్లు ఏమవుతాయో అని అక్క. దసరా సెలవులంటే పిల్లోడే ఒప్పుకోలేదు. మైసూరు తర్వాత మా దసరానే అని చెప్పుకునే ఊళ్లో, అమ్మవారిశాల ముందు తలకట్టుతో ఎట్లా తిరగాలి? సంక్రాంతి మిగిలింది. చలికాలం కాబట్టి జలుబు చేస్తే మత్తు ఇవ్వరు, వాయిదా పడుతుంది. ఆ మాట డాక్టరు ముందే చెప్పాడు.

డబ్బు లెక్క అక్క చేతివేళ్ల మీదే అయిపోయింది. పాపకు చేయించిన కమ్మలు, గొలుసు ఖరీదుకు అటూ ఇటూ. బావ "నేనింకా సరే అనల్యా" అని లేచాడు. సోమవారం బడికి పోయి హెడ్మాస్టరుతో స్కేలు సంగతి మాట్లాడతానన్నాడు, అది మాత్రం ఆపరేషన్‌తో సంబంధం లేకుండా. బస్సెక్కించడానికి వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు: కర్నూలయితే మేలా, తిరుపతయితే మేలా? పిల్లలకు మత్తిచ్చే డాక్టరు వేరేగా ఉంటాడంట గదా, ఎవరో కనుక్కుంటావా?