కుడి ఛానల్

మా నాన్న రాజమండ్రిలో టాక్సీ నడుపుతాడు. పాట లేకపోతే ఆయనకి బండి కదలదు. పోయిన వేసవి సెలవులకి ఇంటికెళ్తే ఓ ఫిర్యాదు చేశాడు. "ఏంట్రా ఈ ఫోను, పాటలు సగం మింగేస్తోంది? ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఫ్లూట్ బిట్లే ఉండట్లేదు. క్యాసెట్టులో అన్నీ వినపడేవి."

ఈసీఈ మూడో సంవత్సరం కదా, వెంటనే తీర్పు చెప్పేశాను. "అవన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లు నాన్నా. సీడీలో అయితే సెకనుకి 1,411 కిలోబిట్లు. నీ దగ్గరున్నది అందులో పదకొండో వంతు." ఓ పాత ఫోన్‌ని మ్యూజిక్ ప్లేయర్‌గా మార్చి, ఫ్లాక్ ఫైళ్లు నింపి ఇచ్చాను. రెండ్రోజులాగి, "ఇందులోనూ అంతేరా" అన్నాడు. నాన్నకి క్యాసెట్ల మీద మోజు పోలేదులే అనుకున్నాను.

అప్పటికే నాకు కార్ ఆడియో పోటీల రూల్సు చదివే పిచ్చి ఉంది. అమెరికాలో ఐఏఎస్‌సీఏ, యూరప్‌లో ఎమ్మా లాంటి సంస్థలు వీటిని నడుపుతాయి. ఒక రకం పోటీలో మైకు పెట్టి ఎన్ని డెసిబెల్సో కొలుస్తారు. నాకు నచ్చింది రెండో రకం. జడ్జి కార్లో కూర్చుని, అన్ని కార్లలోనూ అవే ట్రాకులు పెట్టించుకుని వింటాడు. పాడే గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలోంచి వస్తోందా, ఏ వాయిద్యం ఏ పక్క ఉంది, ఇవన్నీ చూసి మార్కులు వేస్తాడు.

కార్లో ఇది అంత తేలిక కాదు. మన బండ్లలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. కుడి స్పీకరు దగ్గర, ఎడమది దూరం. తేడా యాభై సెంటీమీటర్లుంటే, ఎడమ స్పీకరు శబ్దం దాదాపు ఒకటిన్నర మిల్లీ సెకను ఆలస్యంగా చేరుతుంది. అందుకని దగ్గరి స్పీకరుని కూడా అంతసేపు ఆపి వదలాలి. దీన్నే టైమ్ అలైన్‌మెంట్ అంటారు. నాన్న బండి స్టీరియోలో ఆ సెట్టింగు ఉంది. టేపుతో కొలిచి సరిచేశాను.

"నాన్నా, ఇవాళ నువ్వే జడ్జివి. కళ్లు మూసుకుని ఏ పక్క నుంచి వస్తోందో చెప్పు" అని టెస్ట్ ట్రాకు పెట్టాను.

ఎడమ ఛానల్. "ఎడమ."

కుడి ఛానల్. "ఎడమేరా."

వైర్లు మారాయేమోనని ఆయన సీట్లో నేను కూర్చుని విన్నాను. అంతా సరిగ్గానే ఉంది. గుండె ఎందుకో ఝల్లుమంది. ఇయర్‌ఫోన్ ఒకటి తీసి ఆయన కుడి చెవిలో పెట్టి పాట వేశాను.

"ఇంకా పెట్టలేదా?" అన్నాడు.

పాట అప్పటికే పల్లవి దాటింది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే నెమ్మదిగా, "కొంచెం తెలుసురా. చెబితే బండి తియ్యనివ్వరేమోనని..." అన్నాడు. భోజనానికి పిలిస్తే పలకడని అమ్మ ఎన్నాళ్లుగానో విసుక్కుంటూనే ఉంది. మేమెవ్వరం అనుమానించలేదు.

ఈఎన్‌టీ డాక్టరు ఆడియోగ్రామ్ తీయించారు. సిగ్నల్స్ పేపర్లో నేను గీసిన గ్రాఫులెన్నో. అందులో ఒక్కటీ నన్నింత భయపెట్టలేదు. ఎడమ చెవి గీత పైనే ఉంది, కుడి చెవిది బాగా కిందికి దిగిపోయింది. వినికిడి మిషను పెట్టుకోమన్నారు. నాన్న ఇంకా ఒప్పుకోలేదు. నేనూ వదల్లేదు.

ఆ రోజే ఫోన్లో 'మోనో ఆడియో' ఆన్ చేశాను. కుడి ఛానల్లో ఉన్నది కూడా ఎడమ చెవికి చేరుతుంది. అంతే, ఒక్క బటను. నాన్న పాట పెట్టుకుని కాసేపు విని, "ఇదిగో, ఫ్లూట్ వచ్చేసింది" అన్నాడు, మొహం వెలిగిపోతూ.

ఆయన చెప్పిన లోపం నిజమే. నేనే ఫైల్లో వెతికాను. మీ ఇంట్లో ఎవరైనా పాట సరిగా లేదంటే, బిట్‌రేట్ చెప్పేముందు పక్కన కూర్చుని ఏం వినపడట్లేదో ఒకసారి అడగండి.