హెర్షీ సంతలో ఇత్తడి బిళ్ళలు

అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రాన హెర్షీ అనే ఊరున్నది. చాక్లెట్ల ఊరు, వీధిదీపాలకు సైతం చాక్లెట్ల ఆకారమే! ఏటా అక్టోబరులో అక్కడ పాతకార్ల మేళా, దానితోపాటు విడిభాగాల సంత జరుగుతాయి. 1955లో మొదలైన వేడుక అది. మన పశువుల సంతలో ఎద్దు పళ్ళు చూసినట్లే, అక్కడ కొనవచ్చినవారు ఇంజను పక్కలు తడిమి బిళ్ళకోసం వెతుకుతారు.

బిళ్ళంటే చిన్న లోహపు రేకు. అరిగిన ఇంజనును విప్పి బాగుచేసిన కార్ఖానావారు తమ పేరు, ఊరు, పని నెంబరు ముద్రవేసి బిగించేవారు. యుద్ధంవల్ల 1942 ఫిబ్రవరిలో అక్కడ మామూలు జనానికి కొత్తకార్ల తయారీ ఆగిపోయింది. ఇక ఉన్నవాటినే నడిపించుకోవాలి గదా! బాగుచేసేవారికి చేతినిండా పని.

అసలు రహస్యం అంకెలలో ఉన్నది. సిలిండరుకు .030 అని ఉంటే, దాన్ని అంగుళంలో వెయ్యింట 30 వంతులు వెడల్పుగా తొలిచారన్నమాట. క్రాంకు షాఫ్టుకు .010 అని ఉంటే, ఆ మేర అరగదీసి సన్నం చేశారని. ఒకటి పెరుగుట, ఒకటి తరుగుట! 1932 నాటి ఫోర్డు వి-8 సిలిండరు అడ్డుకొలత 3.0625 అంగుళాలు; .030 తొలిస్తే 3.0925. గోడ మరీ పలచబడ్డ ఇంజనును తెలియక కొన్నారా, మళ్ళీ తొలిచే యోగం లేదు.

ఒక ముసలాయన బిళ్ళ చదివీ తృప్తిపడక, మూత తీసివున్న ఇంజనులోకి గేజి దింపాడు.

"బిళ్ళకేం, ఎవరైనా ఊడదీసి మరోదానికి బిగించవచ్చు" అన్నాడు నాతో.

కొలత సరిపోయింది. అప్పుడుగాని ధర అడగలేదు.