దీపం ఆర్పని రాత్రి

భీమడోలు నుండి ఏలూరు వెళ్ళే జాతీయ రహదారిపై డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ప్రయాణించినవారికి ఆ పొగమంచు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కొల్లేరు చెరువుల నుండి బయలుదేరిన చేపల లారీలు దగ్గరకు వచ్చేదాకా కనిపించవు. అలాంటి ఒక ఉదయం ఒక మోటారు సైకిలు మా వ్యానుకు తగిలింది. తప్పు మాది కాదు, కానీ సాక్షి లేడు. అడిగినంత ఇచ్చి ఇంటికి వచ్చాము.

“అబ్బా, వ్యానులో కెమెరా పెట్టిద్దాం. మన మాటకు సాక్ష్యం ఉంటుంది” అన్నాడు మా పెద్దబ్బాయి. ధర్మంలో సాక్ష్యానికున్న విలువ తెలిసినవారము గనుక వెంటనే ఒప్పుకున్నాము.

రహదారి ప్రక్కనున్న ఒక దుకాణంలో ఆ పని చేయించాము. అది శుక్రవారం. జుమా వేళ సమీపిస్తోంది. “త్వరగా కానివ్వు తమ్ముడూ” అని రెండుమార్లు మేమే తొందరపెట్టాము. అతడు ఎప్పుడూ కరెంటు ఉండే ఒక తీగ పైతొడుగు గీకి, కెమెరా తీగను దానికి మెలిపెట్టి, టేపు చుట్టాడు. ఆ హడావుడిలో తీగ ఎక్కడో ఇనుముకు తగిలి మెరుపు వచ్చింది. 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పోయింది. దాని స్థానంలో 30 ఆంపియర్ల పచ్చది గుచ్చి, “ఇది అంత తొందరగా పోదు భాయ్” అన్నాడు. మేము సంతోషించాము కూడా.

ఆ వ్యానులో రోజూ ఉదయం మా ఇద్దరు పిల్లలతో పాటు పొరుగిళ్ళ పిల్లలు ముగ్గురు బడికి వెళతారు.

మూడు వారాలు గడిచాయి. ఫజ్ర్ నమాజుకు లేచి తలుపు తీయగానే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. వ్యాను స్టీరింగు క్రింద నుండి పొగ వస్తోంది. మా అబ్బాయి పరుగున వెళ్ళి స్పానరుతో బ్యాటరీ తీగ ఊడదీశాడు. లోపల కెమెరా తీగ కరిగి, క్రింది చాప అరచేయంత మేర నల్లబడింది. తీగపై ఎలుక పళ్ళ గాట్లు ఉన్నాయి. వరికోతలు ముగిసిన తరువాత పొలం ఎలుకలు ఇళ్ళవైపు రావడం మా ప్రాంతంలో వింత కాదు.

ఏలూరులోని ఒక వృద్ధ ఎలక్ట్రీషియన్ వద్దకు బండిని తీసుకువెళ్ళాము. ఆయన ముందుగా ఆ పచ్చ ఫ్యూజును లాగి మా చేతిలో పెట్టాడు.

“ఫ్యూజు ఉండేది కెమెరా కోసం కాదు భాయ్, తీగ కోసం. ఈ సన్నతీగ నాలుగైదు ఆంపియర్లకు మించి మోయలేదు. ఎలుక కొరికిన చోట ఇనుముకు సగం సగం తగిలి ఇరవై పైచిలుకు పారి ఉంటుంది. ముప్పైది కదలదు. ఇక తీగే ఫ్యూజై కాలుతుంది.”

ఎర్రది ఉంటే అది ముందే తెగి, తీగ మిగిలేదన్నమాట. ఇంత చిన్న విషయం తెలియకనే ఇన్నేళ్ళు బండి నడిపామా అనిపించింది.

ఆయన చేసిన పని చూడదగ్గది. ఫ్యూజు డబ్బాలో ఒక్కొక్క గడిని టెస్టు ల్యాంపుతో తాకుతూ, తాళం తిప్పినప్పుడే వెలిగి, తీసినప్పుడు ఆరిపోయే గడిని వెదికాడు. ఎయిర్‌బ్యాగు, ఇంజను, బ్రేకులకు చెందిన గడుల జోలికి పోలేదు. దొరికిన గడిలో రెండు ఫ్యూజులు పట్టే చిన్న సాకెట్టు గుచ్చాడు. ఒకదానిలో పాత ఫ్యూజు, రెండవదానిలో కెమెరాకు విడిగా 3 ఆంపియర్లది. కెమెరా వాడేది ఒక ఆంపియరు లోపే. నల్లతీగకు లగ్గు వేసి, రంగు గీకిన బోల్టు క్రింద బిగించి బాడీ ఎర్తు ఇచ్చాడు. తీగలు పెడల్సుకు దూరంగా పైకి కట్టాడు.

“రాత్రి బండి ఆపినప్పుడు కూడా కెమెరా పనిచేయాలా?” అని అడిగాడు. అక్కరలేదన్నాము.

తిరుగు ప్రయాణంలో ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ ఇంటివారి మీదనే కాలిపోయిందని తెలిసినప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రించేముందు దానిని ఆర్పివేయమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించిన హదీసు బుఖారీలో ఉంది. దీపపు వత్తిని ఎలుక ఈడ్చుకుపోయి ఇల్లు తగులబెట్టగలదన్న హెచ్చరిక కూడా హదీసులలో ఉంది. చిన్ననాటి నుండి వింటున్నదే. నూనె దీపాల కాలపు మాట అనుకునేవారము. మూడు వారాల పాటు ఒక దీపాన్ని వెలిగించి ఉంచి, దాని ప్రక్కనే ఎలుకలను తిరగనిచ్చి నిద్రించామని అప్పుడు తెలిసింది.

రహదారి ప్రక్కనున్న ఆ తమ్ముడికి కూడా సంగతి చెప్పి వచ్చాము. నిందించలేదు. అతడు తలవంచుకుని, “మీరు తొందరలో ఉన్నారు కదా భాయ్” అన్నాడు. మా దగ్గర సమాధానం లేకపోయింది.

బాగుచేయించాము కదా, పొరుగువారికి చెప్పి భయపెట్టడమెందుకు అనుకున్నాము. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. “వాళ్ళ పిల్లలు మన దగ్గర అమానతు. ఏం జరిగిందో చెప్పకుండా రేపు ఏ ముఖంతో ఎక్కించుకుంటారు?” అంది. మగ్రిబ్ తరువాత మూడిళ్ళకూ వెళ్ళి, తొందరపెట్టింది మేమేనన్న మాటతో సహా అంతా చెప్పాము. ఇద్దరు తండ్రులు అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలిపి, వ్యాను చూసి, పిల్లలను పంపిస్తామన్నారు. మూడవ ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరునాటి నుండి ఆయన కుమార్తె ఆటోలో వెళుతోంది. ఆయనను తప్పుపట్టే హక్కు మాకు లేదు.

ఇషా తరువాత బండి తాళం తీసి, అద్దంపైన కెమెరా చిన్నదీపం ఆరిందో లేదో చూసి లోపలికి వస్తున్నాము. ఆ పచ్చ ఫ్యూజు మా బల్లసొరుగులోనే ఉంది.